మైసన్న చెయ్యి మీది అత్తరు

కామారెడ్డి స్టేషను బజారులో అత్తరు లతీఫ్ ముక్కు సంగతి తెలియనివాళ్లు ఉండరు. ఆ ముక్కు పనిచేయడం మానేసి పది నెలలైన సంగతి మాత్రం ఆయనకూ, ఆయన భార్య తాహేరాకూ తప్ప మూడో మనిషికి తెలియదు.

పోయిన వానాకాలంలో లతీఫ్‌ను ఒక పాడు జ్వరం పట్టుకుంది. మూడు వారాలు మంచాన పడేసి, పోతూ పోతూ వాసనను కూడా వెంట తీసుకుపోయింది. మొదట కనిపెట్టింది తాహేరా. ఒకనాడు అడుగంటిన కూర వడ్డిస్తే ఆయన కిక్కురుమనకుండా తిని లేచాడు. మాడు వాసన వస్తే చాలు, ఇల్లు పీకి పందిరేసే మనిషి. ముప్పై ఏళ్ల కాపురానికి ఇప్పటికి బుద్ధి వచ్చిందని ఆమె ముందు మురిసింది. మర్నాడూ అలాగే తినేసరికి భయపడింది. ఒక చేతిలో మల్లెపూలు, ఇంకో చేతిలో చితకొట్టిన ఉల్లిగడ్డ పట్టుకుని, ఆయన కళ్లు మూయించి ఒకదాని తర్వాత ఒకటి ముక్కు కింద పెట్టింది. ఆయన రెంటికీ ఒకేలా తల ఊపాడు.

అప్పటి నుంచి లతీఫ్ తన దుకాణంలో తనే దొంగలా బతుకుతున్నాడు. సీసాలు వరుస తప్పకుండా పెట్టుకుని, రంగు చూసి, వేళ్ల మధ్య జిగట చూసి అమ్ముతున్నాడు. బేరం ఏమీ తగ్గలేదు. చెప్పుకుంటే సిగ్గుచేటు గాని, అత్తరు కొనేవాళ్లలో నూటికి తొంభై మంది సీసా వాసన చూడరు, అమ్మేవాడి మొహం చూస్తారు. ఆయన మూత తీసి కళ్లు అరమూసి 'ఆహా' అంటే కొనేవాడికీ ఆహా అనిపిస్తుంది. అలా అన్నాక లతీఫ్ కొనేవాడి కళ్లలోకి చూడకుండా మూత బిగించేవాడు.

ఇట్లా గుట్టుగా నెట్టుకొస్తుండగా, పంతొమ్మిది వందల నలభై రెండు ఎండాకాలంలో ఎల్లారెడ్డి నుంచి వజీర్ సాబు చిట్టీ వచ్చింది.

వజీర్ సాబు ఎల్లారెడ్డి తహసీలు కచేరీలో పేష్కారుగా చేసి దిగిపోయిన పెద్దమనిషి. ఇరవై ఏళ్లుగా ఎండాకాలం అత్తరు లతీఫ్ ఏరి పెడితే తప్ప తాకనివాడు. చిట్టీలో ఉన్నది ఇంతే. కూతురు సయీదాకు సంబంధం కుదిరింది. నిఖా ఈ ఎండల్లోనే. మిట్టమధ్యాహ్నం గుడ్డ పందిరి కింద మగపెళ్లివారిని ఎదుర్కొని, వచ్చిన ప్రతి మగవాడికీ అత్తరు ఇవ్వాలి. నగరం నుంచి ఒక వ్యాపారి మూడు సీసాలు పంపాడు. మూడూ పచ్చగానే ఉన్నాయి, మూడింటి మీదా ఖస్ అనే, అంటే వట్టివేరు అత్తరనే రాసి ఉంది. యుద్ధం వచ్చినప్పటి నుంచి ఏ సరుకులో ఏం కలుస్తున్నదో తెలియడం లేదు. కాబట్టి గురువారం పొద్దున నలుగురు పెద్దలు కూర్చుంటారు, లతీఫ్ వచ్చి వాళ్లందరి ముందు చూడాలి. చివర ఒక ముక్క రాశాడు. 'నువ్వు ఏది అంటే అది.'

ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి లతీఫ్‌కు చెమటలు పట్టాయి. తప్పు సీసా చూపిస్తే పందిట్లో వందమంది ముందు ఒక ఆడపిల్ల తండ్రి పరువు పోతుంది. నిజం ఒప్పుకుంటే తన పరువు పోతుంది. ముక్కు లేని అత్తరు సాయిబు దుకాణం మెట్టు ఎవడు ఎక్కుతాడు?

నిజానికి చలికాలం అత్తరు అమ్మడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. హీనా గానీ కస్తూరి గానీ ఘాటుగా ఉంటే చాలు, శాలువా కప్పుకున్నవాళ్లు సంతోషిస్తారు. ఎండాకాలంలో మగవాడికి అత్తరు ఏరడం, అదీ పని. ఎండలో తిరిగే మనిషి, చొక్కా వీపుకు అంటుకుపోయిన మనిషి. వాడి మీద హీనా పూస్తే పక్కవాడికి తలనొప్పి. గులాబీ పూస్తే గంటకల్లా చెమటతో కలిసి పులుస్తుంది. మంచి ఖస్ అత్తరుకు ఆ గుణం లేదు. అది మనిషి కంటే ముందు వచ్చి తలుపు తట్టదు. గాలి వీచినప్పుడు వస్తుంది, గాలి ఆగితే తనూ ఆగుతుంది. తడిపిన వట్టివేరు తడిక పక్క నుంచి ఎవరో నడిచి వెళ్లినట్టు ఉంటుంది. కల్తీది కూడా మొదటి గడియలో అచ్చం అలాగే ఉంటుంది, చిక్కంతా అక్కడే.

లతీఫ్ తండ్రి ఈ వ్యాపారం అప్పజెప్పుతూ రెండు కట్టుబాట్లు చెప్పాడు. ఎండాకాలం అత్తరును దూది మీద చూసి నమ్మకూడదు, చెమట మీద చూడాలి. అదీ నీ చెమట మీద కాదు, ఇంకొకడి మీద. ఎవడి ఒంటి వాసన వాడి ముక్కుకు తెలియదు గనుక. ఇక రెండోది, చెయ్యి పరీక్షకు, చెవి మర్యాదకు. అంటే సరుకు పసిగట్టడానికైతే ముంజేతి మీద అద్దాలి. మనిషిని గౌరవించడానికైతే పుల్లకు చుట్టిన దూదిని అత్తరులో ముంచి చెవి మడతలో పెట్టాలి. ఈ రెండూ లతీఫ్ ఎన్నడూ తప్పలేదు. తప్పకపోవడమే తప్పైన చోటు ఒకటుందని ఆయనకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఎండాకాలాల్లో ఆయన అత్తరు పరీక్షించిన చెయ్యి మైసన్నది.

మైసన్నది నాగిరెడ్డిపేట. పోచారం చెరువు కాలువ గట్ల వెంట వట్టివేరు తవ్వి, కట్టలు కట్టి, ఎల్లారెడ్డి అధికార్ల ఇండ్లల్లో తడికెలకు అమ్ముకునేవాడు. పొలం పనుల రోజుల్లో కూలికి పోయేవాడు. ఊరి చివరి వాడకట్టు మనిషి. పెద్దల ఇండ్లల్లో దర్వాజ అవతలే ఆగిపోవాలని పుట్టిననాడే తెలిసినవాడు.

ముప్పై ఒకటో సంవత్సరం ఎండల్లో, ఎల్లారెడ్డి అంగడిలో, లతీఫ్‌కు తన అత్తరు పెట్టెలో అడుగున పరవడానికి నాలుగు వట్టివేళ్లు కావలసి వచ్చాయి. ఎదురుగా నీడలో ఒక మనిషి నెత్తి మీద కట్టతో నిలబడి ఉన్నాడు. తన అత్తర్ల ఘాటులో ఆ వాసన అందక గడ్డి కట్ట అనుకుని, ఇంత ఖస్ ఎక్కడైనా దొరికితే తెచ్చిపెట్టమని లతీఫ్ అతన్ని పంపాడు. మైసన్న పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తవ్వుతున్నది వట్టివేరు. దాన్నే సాయిబులు ఖస్ అంటారని ఎవరూ చెప్పలేదు. అదేదో దుకాణం వస్తువు అనుకున్నాడు. ఒక్కసారి 'ఖస్' అంటే షావుకారు కొంచెమే ఇస్తాడేమోనని, నిండుగా ఇవ్వాలని రెండుసార్లు అన్నాడు. ఖస్ ఖస్ అని అడిగితే షావుకారు ఏం ఇస్తాడు? సాయిబుల మాటలో ఖస్ ఖస్ అంటే గసగసాలే, అవే కట్టి ఇచ్చాడు. నెత్తి మీద మణుగు బరువు వట్టివేరు మోస్తూ, చేతిలో గసగసాల పొట్లం పట్టుకుని మైసన్న తిరిగి వచ్చిన ఆ రూపం లతీఫ్ చచ్చేదాకా మరువడు. నవ్వి నవ్వి కళ్ల నీళ్లు వచ్చాయి. సంగతి తెలిశాక మైసన్న ఇంకా ఎక్కువ నవ్వాడు. ఆ గసగసాలు తాహేరా పాయసంలో నూరి వేసింది. మరుసటి అంగడికి లతీఫ్ ఆ పాయసం డబ్బాలో తెచ్చి మైసన్నకు పెట్టాడు.

అప్పటి నుంచి ఏడు ఎండాకాలాలు. ఆ ఏడూ తలుచుకుంటే లతీఫ్‌కు ఇప్పటికీ మనసు చల్లబడుతుంది. కొత్త సరుకు రాగానే లతీఫ్ ఎల్లారెడ్డికి వచ్చేవాడు. మైసన్న కట్టలు అమ్ముకుని, చేతులు బూడిదతో తోముకుని, కడుక్కుని, ముంజేతులు చాపేవాడు. అత్తరు అద్దాక పెట్టె నెత్తికెత్తుకుని ముందు నడిచేవాడు, వెనక గొడుగు వేసుకుని లతీఫ్. ఊళ్లూరా తిరిగి, పొద్దు నడినెత్తికి వచ్చాక ఏదో ఒక చెట్టు కింద కూలబడి, లతీఫ్ ఆ చెయ్యి అందుకుని వాసన చూసేవాడు. కొడవలి కోసిన పాత మచ్చ ఉన్న చెయ్యి, నల్లగా నిగనిగలాడే చెయ్యి. బాగుంటే 'ఖస్' అనేవాడు లతీఫ్. చాలా బాగుంటే మైసన్న అందుకుని 'ఖస్ ఖస్' అనేవాడు. ఇక ఇద్దరూ నవ్వేవాళ్లు. రానురాను మైసన్నే ముందుగా చెప్పేవాడు, ఇది సాయంత్రానికి పులుస్తది, అది నిలుస్తది అని. లతీఫ్ తన ముక్కుతో చూసేసరికి అంతే అయ్యేది. లతీఫన్నా అని పిలిచేవాడు. ఆ పిలుపులో సాయిబూ లేడు, కూలీ లేడు.

ఆ సుఖాన్ని లతీఫ్ ఒకే ఒక్క మాటతో పాడు చేసుకున్నాడు.

ముప్పై ఎనిమిదో సంవత్సరం. వజీర్ సాబు ఇంటి వరండాలో నగరం నుంచి వచ్చిన అతిథి ఒకాయన, చెవిలో లతీఫ్ పెట్టిన దూదితో, ఇంత ఎండలో ఇది చెక్కుచెదరలేదే, ఎట్లా ఏరావని ముచ్చటపడి అడిగాడు. దర్వాజ అవతల గోడ నీడలో పెట్టె పక్కన మైసన్న కూర్చుని ఉన్నాడు. ఆ మనిషి ఒంటి మీద చూశానంటే ఈ పెద్దమనిషి చెవిలో దూది తీసి పారేస్తాడేమోనని లతీఫ్ మనసుకు తట్టింది. "నా చేతి మీదే చూసుకుంట హుజూర్" అన్నాడు.

మైసన్నకు ఉర్దూ రాదు గాని, ఆ మాటకు కావలసినంత వచ్చు. తిరుగు దారంతా వెనక్కి చూడకుండా నడిచాడు. బస్సు ఆగే చోట పెట్టె దించి, ఇంటి దగ్గర పని ఉందన్నాడు. ఆ తర్వాత నాలుగేళ్లు రాలేదు. పెట్టెలో పరవడానికి వట్టివేరు మాత్రం ఏటా తప్పకుండా భార్య సాలవ్వ చేత పంపేవాడు. కొట్లాడి ఉంటే లతీఫ్ కాళ్లావేళ్లా పడి ఉండేవాడు. కొట్లాట లేని చోట ఏం చేయాలో ఆయనకు తెలియలేదు. లేదా తెలిసీ చేతకాలేదు.

చిట్టీ చేతిలో పట్టుకుని లతీఫ్ ఈ పాత సంగతులన్నీ నెమరేస్తుంటే తాహేరా చూసి చూసి విసిగిపోయింది. "నీ ముక్కు పోయింది గని కాళ్లు పోలేదు గదా. నాగిరెడ్డిపేటకు పో" అంది. నాలుగేళ్లుగా ఆయన తనకు తాను చెప్పుకోలేకపోయిన మాట అది.

మర్నాడు ఎల్లారెడ్డి దాకా బస్సులో, అక్కడి నుంచి ఎవరిదో వడ్ల బండిలో, లతీఫ్ నాగిరెడ్డిపేట చేరాడు. సాలవ్వ చూసి కొంగు సర్దుకుని, గుడిసె నీడలో గోనె పట్టా పరిచి, మట్టి గురిగిలో నీళ్లు ఇచ్చింది. పెనిమిటి కాలువ మీద ఉన్నాడని చెప్పింది. ఆమె మొహంలో కోపం లేదు. ఎందుకు వచ్చావన్న ప్రశ్న కూడా లేదు. అదే లతీఫ్‌కు గుచ్చుకుంది.

మైసన్న గట్టు మీద గొంతుకూర్చుని వేళ్లకు అంటిన మట్టి దులుపుతున్నాడు. తల నెరిసింది. లతీఫ్‌ను చూసి లేచి నిలబడి, సాయిబూ బాగున్నవా అన్నాడు. అన్నా అనలేదు. లతీఫ్ ఏం మాట్లాడాలో తోచక, చేతికి దగ్గరగా పడి ఉన్న వేళ్ల కుచ్చు ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పది నెలలుగా అలవాటైన వేషం అలవోకగా వచ్చేసింది. కళ్లు అరమూసి, ఆహా, ఏం ఖుష్బూ అన్నాడు.

మైసన్న దులపడం ఆపాడు. లతీఫ్ మొహంలోకి, చేతిలోని కుచ్చులోకి మార్చి మార్చి చూశాడు.

"అది రెల్లు వేరు సాయిబూ. ఏరి పారేసిన."

లతీఫ్ కుచ్చు కింద పెట్టి, దాని పక్కనే కూలబడ్డాడు. జ్వరం సంగతి, మల్లెపూలు, ఉల్లిగడ్డ సంగతి, చిట్టీ సంగతి అన్నీ చెప్పేశాడు. చెబుతుంటే ఎప్పుడు ఏడుపు మొదలైందో ఆయనకే తెలియదు. అరవై ఏళ్ల గడ్డం తడిసిపోయింది. చివరికి చెప్పవలసినదాన్ని చివరికే చెప్పాడు.

"ఆ దినం నా చెయ్యి అని చెప్పిన. అబద్ధం చెప్పిన, మైసన్నా."

"ఆ దినమే ఇన్న" అన్నాడు మైసన్న. అంతే అన్నాడు. తర్వాత సాలవ్వ తెచ్చిన జొన్న గట్క ఇద్దరూ తిన్నారు.

తిన్నాక లతీఫ్ తన ఉపాయం బయట పెట్టాడు. దారి పొడుగునా ఆలోచించి పెట్టుకున్నదే. మైసన్న ఎప్పటిలాగే పెట్టె మోసుకుని వస్తాడు, దర్వాజ దగ్గర కూర్చుంటాడు. లతీఫ్ ఏదో నెపంతో సీసాలు అటు తెచ్చి చూపిస్తాడు. చెడ్డదైతే మైసన్న ఒకసారి దగ్గాలి, మంచిదైతే రెండుసార్లు. ఖస్, ఖస్ ఖస్. ఈ ముచ్చటకు తనే కొంచెం నవ్వాడు కూడా. ఇంత జరిగాక కూడా మనిషి బుద్ధి ఎటు పోతుందో చూడండి.

మైసన్న నవ్వలేదు. "నాకు దగ్గు లేదు సాయిబూ" అన్నాడు. మట్టి గోకుతూ మళ్లీ అన్నాడు. "వస్త. నీకు ఆపదొస్తే రాకుంట ఎట్లుంట? గని దర్వాజ కాడ కూసోను. లోపటికి వస్త. చెప్పేది నేనైతే, నేనే చెప్పిన్నని చెప్పాలె."

గురువారం పొద్దున ఎల్లారెడ్డిలో బస్సు దగ్గర ఉంటానని మాత్రం చెప్పి లతీఫ్ లేచాడు. తిరుగు దారంతా సరే, కాదు అన్న రెండు మాటలు లోపల కలియబడుతూనే ఉన్నాయి. లోపలికి తీసుకుపోతే పెద్దలు ఏమంటారో. తీసుకుపోకపోతే తను మనిషేనా?

గురువారం మైసన్న ఉతికిన ధోవతి, అంగీ వేసుకుని, తలకు తెల్ల రుమాలు చుట్టుకుని వచ్చాడు. పెట్టె అందుకున్నాడు. వజీర్ సాబు ఇంటి దాకా ఇద్దరూ పాతకాలంలో లాగే నడిచారు, మైసన్న ముందు, లతీఫ్ వెనక. దర్వాజ దగ్గరికి రాగానే మైసన్న ఆగి, వెనక్కి తిరిగి చూశాడు. లతీఫ్ గొడుగు ముడిచాడు. ముందుకు నడిచి, మైసన్న భుజం మీద చెయ్యి వేసి, గడప దాటించాడు.

వరండాలో తఖ్తు బల్ల మీద వజీర్ సాబు, పక్కన ముగ్గురు పెద్దలు కూర్చుని ఉన్నారు. నౌకరు మైసన్నను చూసి చేత్తో బయటికి చూపించబోయాడు. ఇతను నాతో వచ్చాడని లతీఫ్ చెప్పాడు. బూడిద, నీళ్లు తెప్పించమన్నాడు. మైసన్న మెట్టు పక్కన చేతులు తోముకుని కడుక్కుని వచ్చి, స్తంభం దగ్గర నిలబడి ముంజేతులు చాపాడు. లతీఫ్ మొదటి సీసా ఎడమ మణికట్టు మీద, రెండోది ఎడమ మోచేతి మడతలో, మూడోది కుడి మణికట్టు మీద అద్దాడు. ఒక్కో దానికి ఒక్కో దూది.

పెద్దల్లో ఒకాయన ఇదేమిటన్నట్టు గొంతు సవరించుకున్నాడు. వజీర్ సాబు కనుబొమలు ముడిపడ్డాయి. అప్పుడు లతీఫ్ చేతులు కట్టుకుని, ఎండాకాలం అత్తరును ఇంకొకరి చెమట మీదే చూడాలన్న తన తండ్రి మాట చెప్పాడు. ఏడేళ్లు హుజూర్ వాడిన అత్తరంతా ఈ చెయ్యి మీదే తేలిందని చెప్పాడు. "నాలుగేండ్ల కింద ఇక్కడ్నే నిలబడి నా చెయ్యి అన్న. అబద్ధమాడిన. ఈ చెయ్యే అది."

గొంతు సవరించుకున్న పెద్దమనిషి ఏదో పని గుర్తొచ్చిందని లేచి వెళ్లిపోయాడు. తక్కిన ఇద్దరూ వజీర్ సాబు వైపు చూశారు. వజీర్ సాబు మైసన్న చేతిని చాలాసేపు చూసి, కానివ్వమన్నట్టు తల పంకించాడు.

మైసన్న ఎండలోకి దిగాడు. పెట్టె నెత్తిన పెట్టుకుని ఊరి చివరి దాకా వెళ్లి రావడం, మళ్లీ వెళ్లడం. కావలసినంత చెమట కావాలి గదా. వరండాలో కూర్చున్న లతీఫ్‌కు అంతకంటే ఎక్కువ పోసింది. సగం నిజమే చెప్పాడు, అసలు సగం ఇంకా లోపలే ఉంది. మూడుసార్లు తిరిగి మైసన్న వచ్చేసరికి పొద్దు నడినెత్తికి ఎక్కింది. పెట్టె దించి, చెమట కారుతున్న చేతులు చాపాడు.

లతీఫ్ వంగి ఎడమ మణికట్టు అందుకున్నాడు. ఏమీ లేదు. మోచేతి మడత. ఏమీ లేదు. కుడి మణికట్టు దగ్గర కళ్లు మూసుకుని, అల్లాను తలుచుకుని, ఊపిరి నిండా పీల్చాడు. గోడను వాసన చూసినట్టే ఉంది. మూడింట్లో ఒకటి చెప్పేయొచ్చు. అదృష్టం ఉంటే తగులుతుంది. పెద్దలు ఆయన మొహం చూస్తున్నారు, ఆహా అనే ఆ మొహం కోసం. ఆయన కళ్లు తెరిచేసరికి ఎదురుగా కొడవలి మచ్చ కనపడింది. దాని మీదుగా ఒక చెమట చుక్క జారుతున్నది. ఈ మనిషి పిలిస్తే వచ్చాడు, నడవమంటే నడిచాడు.

"నాకు వాసన తెలుస్తలేదు హుజూర్" అన్నాడు లతీఫ్. "జ్వరం వచ్చినప్పటి సంది ముక్కు పోయింది. పది నెలలు దాచిన. మైసన్న చెప్తడు. ఆయన చెప్పిందే నేను చెప్పినట్టు."

ఆ నాలుగు మాటలతో ముప్పై ఏళ్ల పేరు చేజారిపోయిందని ఆయనకు తెలుసు. ఆశ్చర్యం ఏమిటంటే, మొదట కలిగింది బాధ కాదు, నెత్తి మీది బరువు దించినట్టు అయింది.

మైసన్న తొందరపడలేదు. ఎడమ మణికట్టు ముక్కు దగ్గర పెట్టుకుని, ఇందులో అడుగున ఏదో నూనె వాసన కొడుతున్నదని చెప్పాడు. మోచేతి మడత చూసి, ఇది మొదట మంచిగానే ఉండె, ఎండకు పులిసిన గంజి లెక్క అయిందని చెప్పాడు. ఎవడి ఒంటి వాసన వాడికి తెలియదన్న లతీఫ్ తండ్రి మాట అబద్ధమని ఆనాడు అందరి ముందూ తేలింది. కూలి చేసి బతికేవాడికి తన చెమట తెలియకుండా ఎట్లా ఉంటుంది? కుడి మణికట్టు దగ్గర మైసన్న ఎక్కువసేపు ఆగాడు. "గిది వేరు. నేను తవ్వే వేరు" అన్నాడు.

వజీర్ సాబు తఖ్తు దిగాడు. కర్ర పక్కన పెట్టి, ముసలి నడుము వంచి, మైసన్న చెయ్యి తన చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. మూడు చోట్లా చూశాడు. మళ్లీ కుడి మణికట్టుకే తిరిగి వచ్చాడు. పెళ్లికి ఇదేనని నౌకరుతో చెప్పి, నిఖానాడు ఇద్దరూ రావాలని, లతీఫ్ వచ్చే ముందు దర్వాజ నుంచే మైసన్న కూడా రావాలని అన్నాడు. లతీఫ్ ముక్కు గురించి మంచీ అనలేదు, చెడ్డా అనలేదు. అయితే మిగిలిన ఇద్దరు పెద్దలూ ఆ సాయంత్రానికల్లా ఊరంతా చెబుతారని లతీఫ్‌కు అనుమానమేమీ లేదు.

బస్సు ఆగే చోట వేపచెట్టు కింద ఎవరూ లేరు. రోడ్డు మీద ఎండ మరుగుతున్నది. మైసన్న పెట్టె దించి రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. రేపటి నుంచి దుకాణం ఏమవుతుందన్న ఆలోచన లతీఫ్‌కు అప్పుడు మొదలైంది. దాన్ని పక్కకు తోయడానికన్నట్టు పెట్టె మూత తీశాడు. మూడో సీసాలో ముంచిన దూది పుల్ల ఇంకా పచ్చగా, తడిగా ఉంది. దాన్ని పట్టుకుని చూస్తుంటే ఆయనకు తట్టింది. ఏడు ఎండాకాలాలు ఎన్ని సీసాలు, ఎన్ని అద్దకాలు. అన్నీ ఆ చేతి మీదే. చెవిలో ఒక్కసారీ పెట్టలేదు. పెట్టాలన్న ఊహ కూడా రాలేదు. ఊరూ పేరూ తెలియని అతిథుల చెవుల్లో పెట్టాడు గాని.

పుల్ల నుంచి దూది తీసి, రెండు వేళ్లతో చిన్న ఉండ చేశాడు. మైసన్న చెయ్యి చాపాడు, అలవాటుగా.

లతీఫ్ ఆ చేతిని మెల్లగా కిందికి దించి, దూదిని మైసన్న చెవి మడతలో పెట్టాడు.

మైసన్న కదలకుండా నిలబడ్డాడు. "ఇది పరీక్షకు కాదా?" అని అడిగాడు.

"కాదు."

"నీకు వస్తున్నదా?"

"రాదు మైసన్నా. నువ్వు చెప్పు."

మైసన్న తల కొంచెం వంచి, గాలి వచ్చేదాకా ఆగాడు. గాలి వచ్చింది. "కాలువ కట్టేసినంక పొద్దుగాల తవ్విన మట్టి లెక్క వస్తున్నదన్నా" అన్నాడు. కాసేపాగి, "ఖస్ ఖస్" అన్నాడు.

నాలుగేళ్లకు విన్న ఆ 'అన్నా' దగ్గరే లతీఫ్ ఆగిపోయాడు. కళ్లు తుడుచుకోవడం చేతకాక, వంగి పెట్టెను తనే నెత్తికెత్తుకున్నాడు. మైసన్న ఇటివ్వమన్నా ఇవ్వలేదు. బస్సు వచ్చేదాకా అలాగే నిలబడ్డాడు.